టోక్యో–లియోన్ జంట నాట్యం: నేల, మాట, ఆలస్యం – మా ప్రాజెక్టు డైరీ

22 నిమిషాల సమకాలీన నాట్యం ఒకటి ఎలా తయారైందో ఇక్కడ రాస్తున్నాను. టోక్యోలో ఒక జపనీస్ డాన్సర్, ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒక ఫ్రెంచ్ డాన్సర్. పేర్లు వద్దన్నారు కాబట్టి ఆమె, ఆయన అనే రాస్తాను. కొరియోగ్రఫీ ఇద్దరిదీ. సాంకేతిక ఏర్పాట్లు, అనువాదం, లెక్కలు నావి. నేను టోక్యోలో ఐటీ ఉద్యోగం చేస్తాను. చిన్నప్పుడు విజయవాడలో ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. అది ఈ పనిలో రెండు చోట్ల పనికొచ్చింది, ఒకచోట అడ్డం వచ్చింది.

పని సాగిన తీరు: 12 వారాలు వీడియోలో రిహార్సల్, రెండు వారాలు ఎవరికి వారు సాధన, తర్వాత టోక్యోలో 11 రోజులు ఒకే గదిలో, ఆపైన ప్రదర్శన. దూరం నుంచి ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు మా తప్పులు మళ్లీ చేయకూడదని ఇదంతా రాస్తున్నాను. విమాన టికెట్లు, పారితోషికాలు గ్రాంటు నుంచి వచ్చాయి. కింది ఖర్చుల్లో అవి లేవు. రాసినదంతా టోక్యో వైపు ఖర్చే.

దశ 1: నేల (1–3 వారాలు)

థియేటర్ నుంచి వచ్చిన ప్లానులో స్టేజి వెడల్పు 5 కెన్, లోతు 4 కెన్ అని ఉంది. జపాన్‌లో ఇళ్లు కట్టేవాళ్లు, స్టేజి వేసేవాళ్లు ఈ పాత కొలతను ఇప్పటికీ వాడతారు. ఒక కెన్ అంటే 6 షాకులు (షాకు ఇంచుమించు మన అడుగంత ఉండే జపనీస్ కొలత), మన లెక్కలో 1.818 మీటర్లు. నేను లియోన్‌కు మెయిల్ రాస్తూ ‘కెన్ అంటే సుమారు 2 మీటర్లు’ అన్నాను. ఆ ‘సుమారు’తో రెండు వారాలు పోయాయి.

టోక్యో గదిలో టేపు వేసిన చోటు 9.09 × 7.27 మీటర్లు. లియోన్‌లో వేసుకున్నది 10 × 8. మూడో రిహార్సల్‌లో ఇద్దరూ మూల నుంచి మూలకు నడవాలి. ఆమె 14 అడుగుల్లో చేరారు. ఆయన ఆమె కన్నా పొడుగు, అడుగూ పెద్దదే, అయినా 15 పట్టింది. మొదట ఆయన అడుగు చిన్నదిగా వేస్తున్నారనుకుని వేగం మార్చాం, అడుగు మార్చాం. చివరికి టేపు పెట్టి కొలిస్తే మా మూల 11.64 మీటర్లు, వాళ్లది 12.81. మీటరుకు పైగా తేడా ఉన్న దారి మీద మేం అడుగుల నాణ్యత గురించి వాదించుకున్నాం.

రెండో తప్పు గీతల దగ్గర జరిగింది. నేను టోక్యోలో ప్రతి కెన్‌కూ ఒక టేపు గీత వేశాను. స్టేజి మీద ఇలా వేసే గుర్తును జపాన్‌లో బమిరి అంటారు. లియోన్‌లో నేల మీద పరిచిన లినో (డాన్స్ కోసం పరిచే వినైల్) పట్టీల వెడల్పు 1.5 మీటర్లు. ఆయన ఆ పట్టీల అతుకులను గీతలుగా చూసుకుంటున్నారు. ‘మూడో గీత దగ్గర కూర్చోవాలి’ అని ఆమె చెబితే, ఆమె మూడో గీత 5.45 మీటర్ల దగ్గర, ఆయనది 4.5 దగ్గర. తెర మీద ఇద్దరూ సరైన చోటే కూర్చున్నట్టు కనిపించారు, ఎందుకంటే రెండు కెమెరాల ఫ్రేములు వేరు.

మూడోది కుడి ఎడమల గొడవ. డాన్సర్ తెర వైపు తిరిగి నేర్చుకుంటే అద్దంలో చూసినట్టు నేర్చుకుంటాడు. కూచిపూడి క్లాసులో మా మాస్టారు మాకు ఎదురుగా నిలబడి ఎడమ కాలు వేసి చూపిస్తే, మేం కుడి కాలు వేసేవాళ్లం. అది అక్కడ ఇబ్బంది కాదు, మాస్టారు కావాలనే అలా చేసేవారు. ఇక్కడ ఎవరు ఎవరికి అద్దమో తేల్చుకోలేదు. మొదటి రెండు రిహార్సళ్లలో నేర్చుకున్నదంతా తిరగబడింది.

దిక్కుల పేర్ల విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఇంగ్లిష్ స్టేజి భాషలో కుడి ఎడమలు నటుడి వైపు నుంచి. జపాన్‌లో అలా కాదు. ప్రేక్షకుడికి కుడివైపు ఉండేది కమితే, ఎడమవైపు ఉండేది షిమొతే. ఎవరు ఎటు తిరిగినా పేరు మారదు. ఫ్రెంచ్ వాళ్లకూ సరిగ్గా అలాంటి జతే ఉంది: ప్రేక్షకుడికి కుడివైపు కూర్, అంటే ముంగిలి, ఎడమవైపు జార్దాన్, అంటే తోట. ప్యారిస్ తువిలరీ రాజభవనం నాటకశాలలో ఒకవైపు ముంగిలి, ఇంకోవైపు తోట ఉండేవి, అక్కడి నుంచి వచ్చిన పేర్లివి. కాబట్టి కమితే అంటే కూర్, షిమొతే అంటే జార్దాన్. మధ్యలో ఇంగ్లిష్ తెచ్చి చెడగొట్టింది నేనే. మూడో వారం నుంచి ఇంగ్లిష్ కుడి ఎడమలను పూర్తిగా మానేశాం.

మార్చిన పద్ధతి:

1. లేజర్ కొలత పరికరంతో నాలుగు వైపులా, రెండు మూలల దూరాలు కూడా కొలవాలి. మూలల దూరాలు సమానం కాకపోతే అది దీర్ఘచతురస్రం కాదు.
2. మెసేజ్‌లలో మీటర్లు, సెంటీమీటర్లు మాత్రమే. కెన్ థియేటర్ ప్లానులోనే ఉండాలి.
3. మధ్యలో సున్నా గుర్తు. అక్కడి నుంచి నాలుగు వైపులా మీటరుకో చిన్న టేపు ముక్క.
4. కమితే/కూర్ వైపు ఎర్ర టేపు, షిమొతే/జార్దాన్ వైపు నీలం. రెండు ఊళ్లలోనూ అవే రంగులు.
5. నేర్పేటప్పుడు కెమెరా నేర్పేవారి వెనక ఉండాలి. వీపు చూసి నేర్చుకుంటే అద్దం సమస్య ఉండదు.

ఐదోది అమలు చేయడం అనుకున్నంత తేలిక కాలేదు. వీపు చూస్తే ముఖం, ఛాతీ కనిపించవు. అందుకని ముందు వీపు వైపు నుంచి నేర్చుకుని, మూడు సార్లు చేశాక కెమెరాను ముందుకు తెచ్చేవాళ్లం.

ఇప్పటిదాకా మొత్తం: ఉమ్మడి రిహార్సల్ 18 గంటలు (6 × 3). నిలిచిన నాట్యం 2 నిమిషాలు. ఖర్చు: గది 14,400 యెన్లు, టేపు 4 రోల్స్ 1,800, లేజర్ పరికరం 3,980. కలిపి 20,180 యెన్లు.

దశ 2: మాటలు (4–7 వారాలు)

ఈ దశలో నేను ఎక్కువ నేర్చుకున్నాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఆమె కదలికను వివరించేటప్పుడు క్రియలు వాడరు, చప్పుళ్లు వాడతారు. ‘ఇక్కడ జివాజివా, తర్వాత సుత్తో, చివర యురాయురా.’ జపనీస్‌లో ఇవి వేలల్లో ఉన్నాయి, డాన్స్ గదిలో రోజంతా ఇవే వినిపిస్తాయి. నేను వీటిని ఇంగ్లిష్‌లోకి మార్చి ఆయనకు చెప్పేవాడిని. జివాజివాను ‘నెమ్మదిగా’ అన్నాను. ఆయన నెమ్మదిగా చేశారు. ఆమె కాదన్నారు. యురాయురాను ‘ఊగుతూ’ అన్నాను. ఆయన నడుము నుంచి ఊగారు. ఆమె మళ్లీ కాదన్నారు. రెండు గంటలు ఇలాగే గడిచింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ మాటలను తెలుగులో రాసుకుంటే అర్థమైంది. జివాజివా అంటే నెమ్మది కాదు, తడి గోడలోకి మెల్లమెల్లగా ఇంకినట్టు. సుత్తో అంటే వేగం కాదు, చప్పుడు లేకుండా సర్రున లేచిపోవడం. బతాన్ అంటే పడటం కాదు, దబ్బున పడటం. తెలుగులో ఇలాంటి మాటలకు కరువు లేదు: జరజరా పాకడం, గిరగిరా తిరగడం, గబగబా నడవడం, తళతళా మెరవడం, బితుకుబితుకుమంటూ చూడటం. వీటిలో వేగం ఒక్కటే ఉండదు, బరువు ఉంటుంది, తడి ఉంటుంది, భయం కూడా ఉంటుంది. నేను ఇంగ్లిష్‌లోకి మార్చినప్పుడు మిగిల్చింది వేగాన్ని మాత్రమే. నా భాషలో ఉన్న దారిని వదిలి, లేని దారిలో వెతికాను.

కానీ తెలుగు ఆయనకు రాదు కదా. అందుకని అనువాదం మానేసి వీడియో నిఘంటువు చేశాం:

1. రిహార్సల్‌లో ఆమె వాడిన ప్రతి చప్పుడు మాటనూ రాసుకున్నాను. నాలుగు రిహార్సళ్లలో 23 వచ్చాయి.
2. ఒక్కో మాటను ఆమె చేతితో మాత్రమే చేసి చూపించారు, 4 సెకన్లు. ఒళ్లంతా ఉపయోగిస్తే ఆయన కదలికనే కాపీ కొట్టేవారు, మాటను పట్టుకునేవారు కాదు.
3. అదే మాటను ఆయన వీపుతోనో కాలితోనో చేసి తిరిగి పంపాలి.
4. ఆమె సరే అంటేనే ఆ మాట రిహార్సల్‌లో వాడాలి. మొదటిసారికే సరే అన్నవి 9. ఇంకో 11 రెండు మూడు సార్లకు కుదిరాయి. మూడు ఎన్నిసార్లు చేసినా కుదరలేదు, వాటిని వదిలేశాం.

మాటతో డాన్సర్ ఒంటిని నడిపించడం జపాన్‌లో కొత్త సంగతి కాదు. బుతో అనే జపనీస్ ఆధునిక నాట్యాన్ని మొదలుపెట్టిన హిజికాత తత్సుమి తన డాన్సర్లకు దృశ్యాలను మాటల్లో ఇచ్చి కదలికలు రాబట్టేవారు. ఆ మాటల నోటు పుస్తకాలను బుతో-ఫు అంటారు. ఆయన 1986లో పోయారు. ఆయన సామగ్రి టోక్యోలో కేయో విశ్వవిద్యాలయం ఆర్ట్ సెంటర్‌లో భద్రంగా ఉంది. ఆమెది బుతో కాదు, కానీ ఆ అలవాటు ఇక్కడి డాన్స్ గదుల్లో ఇంకా ఉంది. విదేశీ డాన్సర్‌తో పని చేసేటప్పుడు ముందుగా తగిలేది కూడా ఇదే.

జతులతో చేసిన ప్రయోగం

లెక్కపెట్టడంలోనూ తేడా వచ్చింది. ఆమె ‘ఇచి, ని, సాన్’ అంటారు, ఆయన ఫ్రెంచ్‌లో. 8 లెక్కలో ఇబ్బంది లేదు. 5, 7, 9 లెక్కల్లో వీడియోలో ఒకరి గొంతు ఇంకొకరి గొంతు మీద పడి కలగాపులగమైంది. నేను కూచిపూడి జతులు నేర్పాను: 3కి తకిట, 4కి తకధిమి, 5కి తకతకిట, 7కి తకిట తకధిమి, 9కి తకధిమి తకతకిట. ఇద్దరూ ఒక్క రోజులో పట్టేశారు.

వారం తర్వాత రికార్డింగ్ చూస్తే అసలు సంగతి తెలిసింది. ప్రతి అక్షరానికీ ఇద్దరి పాదాలూ నేలను కొడుతున్నాయి. జతి అక్షరం పాదాన్ని పిలుస్తుంది, దాని పుట్టుకే అందుకు. ఈ నాట్యంలో పాదం చప్పుడు చేయకూడదు. నాలుగు జతులు తీసేశాను. 7 లెక్క ఒక్కటే ఉంచాం. జపనీస్‌లో రోకు (6), షిచి (7) అనే రెండక్షరాల మాటలు 7 దగ్గర లెక్కను సాగదీస్తాయి, అక్కడ తకిట తకధిమి బాగా నిలబడింది. అది కూడా మనసులోనే అనుకోవాలి, పైకి అనకూడదని నియమం పెట్టుకున్నాం.

‘మా’ అనే ఖాళీ

ఆరో వారంలో ఆమె ‘ఇక్కడ మా కావాలి’ అన్నారు. జపనీస్‌లో ‘మా’ అంటే రెండు కదలికల మధ్య ఖాళీ. ‘కెన్’ రాసే అక్షరమే ‘మా’ కూడా, చదవడం వేరు. స్టేజిని కొలిచేదీ, కదలికల మధ్య ఎడాన్ని చెప్పేదీ ఒకే అక్షరం. నేను ‘ఆగాలి’ అని చెప్పాను. ఆయన ఆగారు. బరువంతా మడమల మీద పడి, బొమ్మలా నిలబడ్డారు. ఎన్ని సెకన్లు ఆగాలని అడిగారు. న్యాయమైన ప్రశ్న. అయిదు రికార్డింగుల్లో ఆమె అదే చోట ఎంతసేపు ఆగారో కొలిచాను: 2.1, 2.4, 1.8, 2.6, 2.2 సెకన్లు. నిలకడ లేదు. అంకె ఇస్తే అది తప్పుడు సమాచారమే అవుతుంది.

అంకె బదులు ఆమె ఏం చేస్తున్నారో మళ్లీ చూశాం. ఊపిరి వదులుతున్నారు. అది పూర్తయ్యాక కదులుతున్నారు. అంటే ఆయన వినాల్సింది ఊపిరిని. కానీ ఆయనకు ఊపిరి వినిపించడం లేదు. రెండు రిహార్సళ్లు మైకులు మార్చి చూశాం. మైకుల తప్పేం లేదు. వీడియో కాల్ యాప్‌లో గోల తగ్గించే ఫీచర్ ఆన్‌లో ఉంది. అది మనిషి ఊపిరిని గోల కింద లెక్కగట్టి తీసేస్తోంది. ఆఫ్ చేయగానే ఆమె ఊపిరి లియోన్ గదిలో వినిపించింది. ఆయన మొదటిసారి ఆమెతో కలిసి కదిలారు. గదిలో నేనొక్కడినే ప్రేక్షకుడిని, నాకు కళ్లు చెమర్చాయి.

దూరం నుంచి డాన్స్ చేసేవాళ్లు ఇంకేం చేసినా చేయకపోయినా, ఈ ఒక్క సెట్టింగ్ మొదటి రోజే ఆఫ్ చేయండి.

ఇప్పటిదాకా మొత్తం: 42 గంటలు (18 + 24). నిలిచిన నాట్యం 9 నిమిషాలు. ఈ దశలో గది అద్దె 19,200 యెన్లు. మొత్తం ఖర్చు 39,380 యెన్లు.

దశ 3: ఆలస్యం (8–12 వారాలు)

ముందు సమయం గురించి. ఆమె పగలు వేరే ఉద్యోగం చేస్తారు, సాయంత్రం 6 నుంచి 9 దాకానే ఖాళీ. జపాన్‌లో సమకాలీన డాన్సర్లలో చాలామందిది ఇదే పరిస్థితి. ప్రభుత్వ థియేటర్‌కు అనుబంధంగా ఒక సమకాలీన డాన్స్ బృందం ఉండటం అనేది నీగాతలో 2004లో నోయిజమ్‌తోనే మొదలైంది. యూరప్ దారి అంతకు ముందే తెరుచుకుంది. సాంకాయ్ జుకు అనే బుతో బృందం 1982 నుంచి ప్యారిస్‌లోని తెయాత్ర్ ద లా విల్ థియేటర్‌తో కలిసి కొత్త నాట్యాలు చేసింది. కొరియోగ్రాఫర్ తెషిగవారా సబురో 1986లో ఫ్రాన్స్‌లోని బాన్యొలే కొరియోగ్రఫీ పోటీలో బహుమతి అందుకున్నాక ప్రపంచానికి తెలిశారు, తర్వాత ప్యారిస్ ఒపేరా బాలేకు నాట్యాలు కూర్చారు. 1996లో మొదలైన యొకొహామా డాన్స్ కలెక్షన్ అనే ఉత్సవంలో యువ కొరియోగ్రాఫర్‌కు ఫ్రెంచ్ రాయబార కార్యాలయం బహుమతి ఇస్తుంది, గెలిచినవారు ఫ్రాన్స్ వెళ్లి పని చేసుకోవచ్చు. కొరియోగ్రాఫర్ ఇతో కవోరి యూరప్ చేరి అక్కడే స్థిరపడ్డవారిలో ఒకరు, 2023 నుంచి స్ట్రాస్‌బూర్గ్‌లో ఒక జాతీయ నాటక కేంద్రాన్ని నడుపుతున్నారు. ఊరు వదలకుండా పని చేయాలని మా టోక్యో డాన్సర్ పట్టుదల. అందుకే ఈ వీడియో తిప్పలు.

చలికాలంలో లియోన్ టోక్యో కన్నా 8 గంటలు వెనక. మా సాయంత్రం 6 వాళ్ల ఉదయం 10. మార్చి చివరి ఆదివారం యూరప్‌లో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, జపాన్‌లో జరగవు. తేడా 7 గంటలకు వచ్చింది. లియోన్ గది 10 నుంచి 1 వరకు, మా గది 6 నుంచి. ఒక గంట ఆయన ఒక్కరే అక్కడ ఎదురుచూశారు. క్యాలెండర్‌లో రెండు ఊళ్ల సమయాలూ పక్కపక్కన రాసి ఉంటే ఈ గంట పోయేది కాదు.

ఇక అసలు ఆలస్యం, అంటే ఒక ఊళ్లో చేసింది ఇంకో ఊళ్లో తెర మీద కనిపించడానికి పట్టే సమయం. కొలిచే పద్ధతి ఇది:

1. టోక్యోలో కెమెరా ముందు ఒక ఫోను, అందులో మిల్లీ సెకన్లు చూపే స్టాప్‌వాచ్.
2. లియోన్‌లో ఆ బొమ్మ కనిపించే తెర మీదికి వాళ్ల కెమెరా తిప్పాలి. అది మాకు తిరిగి వస్తుంది.
3. మన దగ్గర ఫోనునూ, తిరిగి వచ్చిన బొమ్మనూ ఒకే ఫొటోలో తీయాలి. రెండు అంకెల తేడా రానుపోను ఆలస్యం.
4. పది ఫొటోలు తీసి మధ్యలో వచ్చిన అంకె తీసుకోవాలి.

మా అంకెలు, రానుపోను: వైఫై మీద 760 మిల్లీ సెకన్లు. 20 మీటర్ల ల్యాన్ కేబుల్ వేశాక 610. వెనక దృశ్యాన్ని మసక చేసే ఫీచర్, మిగిలిన గొంతు శుద్ధి ఫీచర్లు ఆపేశాక 540. రెండు వైపులా టీవీల్లో గేమ్ మోడ్ ఆన్ చేశాక 480. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికే 60 మిల్లీ సెకన్లు తింటోందని మాకు అప్పటిదాకా తెలియదు.

ఇంకా తగ్గించాలని ఓబీఎస్ అనే ప్రసార సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఆర్‌టీ అనే వీడియో పంపే పద్ధతితో రెండు వారాలు, 12,800 యెన్ల క్యాప్చర్ పరికరంతో సహా ఖర్చుపెట్టాం. పని చేయలేదు. టోక్యో–లియోన్ పింగ్, అంటే నెట్‌లో చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, సగటున 230 మిల్లీ సెకన్లు. ఎస్‌ఆర్‌టీలో పోయిన ముక్కను మళ్లీ తెప్పించుకోవాలంటే పింగ్‌కు కొన్ని రెట్లు ఆగాలి. ఆగే సమయం డిఫాల్ట్ 120 మిల్లీ సెకన్లు పెడితే బొమ్మ ముక్కలైంది, 500 పెడితే నున్నగా వచ్చింది కానీ మొదటికన్నా ఆలస్యం. ప్రసారానికి అది మంచి పద్ధతి, ఇద్దరు కలిసి డాన్స్ చేయడానికి కాదు. వెనక్కి మామూలు యాప్‌కే వచ్చాం.

ఇక తగ్గదని ఒప్పుకోవడానికి ఒక లెక్క సాయపడింది. రెండు ఊళ్ల మధ్య నేరుగా దాదాపు 10,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నటి కేబుల్ ఉన్నా రానుపోను 100 మిల్లీ సెకన్లు తప్పవు. కేబుళ్లు తిన్నగా పోవు.

ఆ రోజు విరామంలో ఆమె బుతో నర్తకుడు ఒనో కజువో గురించి చెప్పారు. ఆయన 1929లో టోక్యోలో స్పానిష్ నర్తకి లా అర్జెంటీనాను చూశారు. ఆమె గుర్తుగా తన నాట్యం చేసింది 1977లో, మధ్యలో 48 ఏళ్లు. 1980లో, 73 ఏళ్ల వయసులో, దాన్ని ఫ్రాన్స్‌లోని నాన్సీకి తీసుకెళ్లారు. మా పనికి అది జవాబు కాదని ఆమెకూ తెలుసు. కానీ ఆ తర్వాత ఎవరం మిల్లీ సెకన్ల గురించి గొంతు పెంచలేదు.

జవాబు లెక్కలోనే దొరికింది. ఒకవైపు ఆలస్యం 240 అనుకుంటే, ఆమె ముందు కదిలి ఆయన చూసి చేస్తే, లియోన్ గదిలో కూర్చున్నవారికి ఇద్దరూ కచ్చితంగా కలిసినట్టు కనిపిస్తుంది. టోక్యోలో చూస్తే ఆయన 480 వెనక. ఆయన ముందు కదిలితే దీనికి తిరగేసి. అంటే ‘కలవడం’ రెండు ఊళ్లలో ఒకేసారి జరగదు, ఏ ఊళ్లో జరగాలో ముందే ఎంచుకోవాలి. దీనికి మా నియమాలు:

1. ప్రతి భాగానికీ ముందు నడిచేది ఎవరో కాగితం మీద రాయాలి. దిద్దుబాట్లు చెప్పే హక్కు వెంట నడిచేవారి గదిలో ఉన్నవారికే.
2. సంగీతాన్ని కాల్‌లో పంపకూడదు. ఒకే ఫైల్ రెండు చోట్లా ఉంచి, ఫోను గడియారం చూసి అనుకున్న సెకనుకు నొక్కాలి. మా తేడా 30–40 మిల్లీ సెకన్లే వచ్చింది.
3. ఇద్దరూ ఒక్కసారే చేయాల్సిన కదలికలను వీడియోలో సాధన చేయకూడదు. వాటిని ఒకే గదిలో ఉన్నప్పటి కోసం దాచాలి.

మూడో నియమం వల్ల చేసిన 16 నిమిషాల్లో 5 తీసేశాం. తర్వాత 3 కొత్తవి వచ్చాయి.

ఇప్పటిదాకా మొత్తం: 71 గంటలు (42 + 29, ఒక గంట పోయింది). నిలిచిన నాట్యం 14 నిమిషాలు. ఈ దశ ఖర్చు: గది 24,000, క్యాప్చర్ పరికరం 12,800, కేబుల్ 1,900. మొత్తం 78,080 యెన్లు.

దశ 4: ఒకే గదిలో (15–16 వారాలు)

ఆయన ఏప్రిల్ చివర్లో వచ్చారు. అది గోల్డెన్ వీక్, జపాన్‌లో వరుస సెలవుల వారం. వార్డు హాళ్లు లాటరీలో పంచుతారు, ఆ వారం గదులు రెండు నెలల ముందే అయిపోయాయి. రోజుకు 5,600 యెన్లకు ప్రైవేట్ గది తీసుకున్నాం. జపాన్‌లో ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు వదిలేయండి.

మొదటి రోజే ఒక వింత. ఎదురెదురుగా నిలబడ్డా ఆమె ఆయన కోసం ఆగుతున్నారు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో లెక్కపెడితే 11 ఫ్రేములు, అంటే 440 మిల్లీ సెకన్లు. పన్నెండు వారాలు తెరలో చూసిన ఆలస్యం ఒంట్లో దిగబడిపోయింది. నాకు అది అందంగా అనిపించి, అలాగే ఉంచుదామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ‘ఆ ఆగడం నేను ఎంచుకున్నది కాదు, టీవీ ఎంచుకున్నది’ అన్నారు. ఆమె మాటే సరైనదని ఇప్పుడు అనిపిస్తోంది.

విడిపించుకోవడానికి చేసింది: వీపులు ఆనించి నిలబడి, చూపు లేకుండా, ఊపిరి మీదే నడక మొదలుపెట్టడం. రోజుకు 40 నిమిషాలు. మూడో రోజుకు 6 ఫ్రేములు, అయిదో రోజుకు 3. అక్కడ ఆపాం.

ఇంకో చిన్న సంగతి. ఆయన లియోన్ నుంచి తెచ్చిన టేబుల్ ల్యాంపు నాట్యంలో భాగం. ఫ్రాన్స్‌లో 230 వోల్టులు, జపాన్‌లో 100. ప్లగ్‌కు అడాప్టర్ పెట్టి వెలిగిస్తే నిప్పు కణికలా ఎర్రగా వెలిగింది. ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేకపోయింది. థియేటర్ ఎలక్ట్రీషియన్ సాకెట్ చూసి 100 వోల్టుల బల్బు పెట్టారు, 320 యెన్లు. యూరప్ బల్బు మర ఇ27, ఇక్కడిది ఇ26, మిల్లీమీటరు తేడా. పట్టింది కానీ బిగువు చూసుకోమన్నారు. మాది పాతకాలపు ఫిలమెంట్ బల్బు కాబట్టి సరిపోయింది, ఎల్‌ఈడీ ల్యాంపు అయితే ముందే అడగండి.

ఇప్పటిదాకా మొత్తం: 137 గంటలు (71 + 66). నాట్యం 22 నిమిషాలు. ఈ దశ ఖర్చు: గది 61,600, బల్బు 320, లినో టేపు 2,940. మొత్తం 142,940 యెన్లు.

దశ 5: ప్రదర్శన తర్వాత

టోక్యో ప్రదర్శన రికార్డింగ్ మూడుసార్లు చూశాను. మూల నుంచి మూలకు నడక: ఆమె 14 అడుగులు, ఆయన 13. ‘మా’ ఆ రోజు 2.9 సెకన్లు, ఇద్దరూ కలిసే కదిలారు. ఏడు లెక్క భాగంలో ఆయన ఎడమ పాదం ఒకసారి నేలను కొట్టింది. ఆ తకిట ఇంకా పోలేదు.

లియోన్ ప్రదర్శన శరత్కాలంలో. అక్కడి థియేటర్ ప్లాను నిన్న వచ్చింది, మీటర్లలోనే. పాత భవనం, స్టేజి ప్రేక్షకుల వైపు 3 శాతం వాలు. మాకు కావాల్సిన 7.27 మీటర్ల లోతులో వెనక అంచు ముందు అంచు కన్నా 22 సెంటీమీటర్లు ఎత్తు. ఆమె ఎప్పుడూ చదును నేల మీదే చేశారు. వీపులు ఆనించి నిలబడే చోట ఇద్దరిలో ఒకరు పల్లంలో ఉంటారు.

ఇక్కడి ప్లైవుడ్ పలక 1.82 × 0.91 మీటర్లు, అంటే పొడవు ఒక కెన్, వెడల్పు అర కెన్. ఒక చివర కింద 5.5 సెంటీమీటర్ల చెక్క పెడితే అదే 3 శాతం వాలు వస్తుంది. నాలుగు పలకలు, చెక్కలు ఆర్డర్ చేశాను, అవి శనివారం వస్తాయి. సోమవారం నుంచి ఆమె వాటి మీద నిలబడి ఊపిరి వదలడం సాధన చేస్తారు.